ఐసు మీద రొయ్య, కార్డు మీద రీ

నా చేతులు ఇక ఐసుకు పనికిరావని డాక్టరు చెప్పిన రోజు మొదట కోపం వచ్చింది. ఏడుపు ఆ తర్వాత, బస్సెక్కాక వచ్చింది. పదకొండేళ్ళు రొయ్యలు ఒలిచాను. ఇందుకూరుపేట నుంచి మైపాడు వెళ్ళే దారిలో ఉన్న ఒక రొయ్యల కంపెనీలో పొద్దున ఆరింటి షిఫ్టు నాది. తల తుంచడం, పెంకు తీయడం, వీపు చీల్చి నల్లనరం లాగడం, అంతా ఐసు నీళ్ళలోనే. గ్లౌజులున్నా చలి ఎముకల్లోకి దిగేది. చివరికి గోళ్ళ మొదళ్ళు వాచి, కణుపులు బిగుసుకుపోయి, పొద్దున్నే జడ వేసుకోవడానికి కూడా వేళ్ళు వంగకుండా పోయాయి. ఇంకో ఏడాది ఇదే పని చేస్తే అన్నం కలుపుకోవడమూ కష్టమేనన్నాడు నెల్లూరు డాక్టరు. ఆయనకేం, చెప్పేసి తర్వాతి మనిషిని పిలిచాడు.

మా కంపెనీలో క్వాలిటీ చూసే మేడం గుంటూరు వైపు ఆవిడ. నాకంటే పదేళ్ళు చిన్నది, మాట మాత్రం కటువు. డాక్టరు చీటీ చూపిస్తే చదివి, "చెకింగ్ టేబుల్ దగ్గర ఒక మనిషి కావాలి. పొడి పని. చేస్తావా?" అంది. ఒలిచి వచ్చిన టబ్బుల్ని పరిశీలించి, ఏ టబ్బు ఏ దారిన వెళ్ళాలో కార్డు తగిలించి, రిజిస్టరులో రాయడమే ఆ పని. మూడు నెలలు చేయించి చూస్తారు. ఆ మూడు నెలలు అయ్యేసరికి సరుకు కొనే దేశం నుంచి ఆడిటరు వస్తాడు. ఆయన అడిగినదానికి నేనే జవాబు చెప్పాలి, నా చేతి మీదుగా పోయిన టబ్బు ఒక్కటి కూడా తప్పు దారి పట్టకూడదు. అలా జరిగితే పని ఖాయం. లేదంటే మళ్ళీ ఒలుపు బల్ల దగ్గరికి. ఒలుపు బల్ల అంటే నాకు ఇక పని మానేసి ఇంట్లో కూర్చోవడమేనని మా ఇద్దరికీ తెలుసు.

నేను చదివింది ఎనిమిదో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను, అర్థం దేవుడికి తెలియాలి. మేడం నా చేతిలో ఒక కాగితం పెట్టింది. అందులో ఇరవై రెండు మాటలున్నాయి. రీవర్క్, రీచెక్, రీవెయ్, రీప్యాక్, రిజెక్ట్, రిటర్న్, రిటైన్, రిమూవ్, రిప్లేస్, రికార్డ్, రిపోర్ట్, రిలీజ్, ఇలా చివరిదాకా అన్నిటికీ ముందు ఆర్, ఈ అనే అవే రెండు అక్షరాలు. ఒకే ఇంటిపేరు వాళ్ళంతా వరసగా ఫొటోకు నిలబడినట్టున్నారు. నాకు నవ్వొచ్చింది.

ఇంటికెళ్ళి బుర్ర పెట్టి ఆలోచించాను. ఫోనుకు రీచార్జ్ అంటే మళ్ళీ చార్జి చేయించడం. కాబట్టి రీ అంటే మళ్ళీ. రీవర్క్ అంటే మళ్ళీ పని చేయడం, రీచెక్ అంటే మళ్ళీ చూడడం, రీవెయ్ అంటే మళ్ళీ తూచడం. గంటలో సగం కాగితం అయిపోయింది. ఇంగ్లీషును ఊరికే ఇంత పెద్దది చేసి చెబుతారని, చదువుకున్నవాళ్ళది ఉత్త బడాయి అని మా ఆయనతో అన్నాను. ఆయన గుంటల దగ్గర రొయ్యలకు మేత వేస్తాడు. అవునవును అన్నాడు, నాతో గొడవెందుకని.

మూడో రోజే నా తెలివి బయటపడింది. ల్యాబు నుంచి రిటైన్ కార్డుతో వచ్చిన టబ్బును నేను ఒలుపు బల్లకు పంపాను. రీ ఉంది కదా, ఏదో ఒకటి మళ్ళీ చేయాలి కాబోలనుకున్నాను. తీరా చూస్తే ల్యాబు ఫలితం వచ్చేదాకా కదపకుండా ఆపి ఉంచాల్సిన టబ్బు అది. అదృష్టం కొద్దీ మేడం దారిలోనే పట్టుకుంది. "అన్నిటికీ మళ్ళీ అని తగిలిస్తే ఎలా? అర్థాలు తెలుసుకో" అని అందరి ముందూ కసిరింది. నా ముఖం మాస్కు వెనక ఎర్రబడిన సంగతి ఎవరికీ కనపడలేదు, అంతవరకు నయం.

ఆ ఆదివారం కాగితానికి జెరాక్సు తీయించడానికి ఇందుకూరుపేట సెంటర్లో ప్రింటింగ్ షాపుకు వెళ్ళాను. అక్కడి సాయిబు అన్న, వాళ్ళ నాన్న కాలం నుంచి పెళ్ళికార్డులు అచ్చు వేస్తున్నాడు. మా కంపెనీ కార్డులూ ఆయనే వేస్తాడని నాకు అప్పటిదాకా తెలియదు. కాగితం చూసి నవ్వాడు.

"ఇయ్యన్నీ నేను అచ్చేసినయ్యే గదమ్మా. ఏం గావాల?"

"అర్థాలు గావాల అన్నా."

ఆయన బల్ల కింద నుంచి అట్ట ఊడిన లావు డిక్షనరీ తీశాడు. పెళ్ళికార్డులో ఒక్క మాట తప్పు పడితే పెళ్ళివారంతా షాపు మీదికి వస్తారని, అందుకే అది చేతికి అందేలా పెట్టుకున్నానని చెప్పాడు. తర్వాత నేను గంటలో కనిపెట్టిన సిద్ధాంతమంతా వినిపిస్తే ఓపిగ్గా విన్నాడు.

"సగం కరెక్టేనమ్మా. రీ అంటే మళ్ళీ అని ఉండాది, వెనక్కి అని గూడా ఉండాది" అని నా చేతిలో కాగితం లాక్కున్నాడు. దాన్ని నా వైపు తోసి, "ఇది రిటర్న్. వెనక్కి ఇచ్చేసినా" అన్నాడు. మళ్ళీ తీసుకుని దూరంగా విసిరి, "ఇది రిజెక్ట్. వద్దని వెనక్కి కొట్టినా" అన్నాడు. వెళ్ళి ఏరుకొచ్చి, చేత్తో గట్టిగా పట్టుకుని, "ఇది రిటైన్. నీకియ్యకుండా నా కాడే పట్టి పెట్టుకున్నా" అన్నాడు.

అంతే. మూడు రోజుల క్రితం అందరి ముందూ నేను పడ్డ తిట్లకు విరుగుడు ఒక చిత్తుకాగితంతో అయిపోయింది. ఇంత సులువైనది ఆ మేడం నోటితో చెప్పకూడదా అని ఒళ్ళు మండింది.

"మరి రిపోర్ట్?"

"ఆడ జరిగినదాన్ని మోసుకొచ్చి ఈడ అప్పజెప్పేది. వెనక్కి మోసుకొచ్చేది అనుకో."

"రికార్డ్?"

ఆయన వేలు తడి చేసుకుని పేజీలు తిప్పాడు. "పాతకాలంలో, మనసుకి మళ్ళీ తెచ్చుకునేది అని అర్థమంట. రాసి పెట్టుకుంటే గదా మనసుకొచ్చేది." ఆ మాట నాకు చాలా నచ్చింది. అప్పటిదాకా రికార్డు అంటే ఆఫీసువాళ్ళు బీరువాలో దాచే ఫైలనే అనుకున్నాను.

ఇంకో మాట కూడా ఆయనే చెప్పాడు. "మనకి తిరిగి అని లేదా? తిరిగి చెయ్యమంటే మళ్ళీ చెయ్యమని. తిరిగి ఇయ్యమంటే వెనక్కి ఇయ్యమని. వాళ్ళ రీ గూడా అంతే." పుట్టినప్పటి నుంచి నోట్లో నానుతున్న మాట. అందులో రెండు అర్థాలున్నాయని నలభై రెండేళ్ళు వచ్చాక ప్రింటింగ్ షాపులో తెలిసింది.

ఆ తర్వాత ఐదారు ఆదివారాలు వెళ్ళాను. మాటకు అర్థం తెలిస్తే చాలదని, ఎక్కడ వాడాలో తెలియాలని ఆయన పట్టు. సరుకు బాగాలేకపోతే రిజెక్ట్ చేస్తాం, ఎవరైనా చేయమన్న పని చేయనంటే రిఫ్యూజ్ చేస్తాం. ఉన్నదాన్ని బాగుచేస్తే రిపేర్, తీసేసి కొత్తది పెడితే రిప్లేస్. నా అంతట నాకు గుర్తుంటే రిమెంబర్, నేను ఇంకొకరికి గుర్తుచేస్తే రిమైండ్. ఒకరోజు టీ తెప్పిస్తే, అప్పుడే తాగొచ్చానని చెప్పడానికి "ఐ రిఫ్యూజ్" అన్నాను. "కరెక్టే గానీ, మొగాన కొట్టినట్టు ఉండాది. నో థాంక్స్ అనుమ్మా" అన్నాడు. నేను మరీ ఉత్సాహపడి రెస్ట్, రెడీ, రెడ్ కూడా జాబితాలో చేర్చుకుపోతే చేతులెత్తి దండం పెట్టాడు. "కనపడినదానికల్లా అతికించబాకమ్మా. వాటిల్లో ఈ రీ లేదు."

ఇంట్లో మా ఆయన ఎగతాళి మొదలైంది. పులుసులో ఉప్పు ఎక్కువైన రోజు గిన్నె చూపించి, "ఇది రీవర్కా, రిజెక్టా?" అని అడిగాడు. రిటర్న్ చేస్తే రిప్లేస్‌మెంటు లేదని చెప్పాను. తినేశాడు.

ఇక్కడ మా షెడ్డు పద్ధతి ఒకటి చెప్పాలి. కార్డులు ఎప్పటి నుంచో ఉన్నాయి, అవి రిజిస్టరు కోసం తగిలించేవే. టబ్బులు తోసే ఆడవాళ్ళలో చాలామందికి చదువు రాదు. వాళ్ళకు గుర్తు, చెకింగ్ టేబుల్ దగ్గర కార్డుతో పాటు మేం ఐసు మీద పెట్టే రొయ్య. టబ్బులో పైన పరిచిన ఐసు మీద ఒక రొయ్య అడ్డంగా ఉంటే మళ్ళీ ఒలవాలి. రెండు రొయ్యలు ఒకదాని మీద ఒకటి కత్తెరలా పెడితే పారబోయాలి. తోక పైకి వచ్చేలా ఐసులో గుచ్చితే కదపకూడదు. ఏమీ లేకపోతే మంచి సరుకు, నేరుగా ఫ్రీజరుకు. దీన్ని ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. నేను చేరిన రోజు ట్రాలీ తోసే అక్క నాకు మొదట నేర్పింది ఇదే. ఆ కంపెనీలో నాకు పని చూపించింది కూడా ఆమే.

ఆడిటు ఇంకో రెండు రోజులుందనగా మేడం ఆర్డరు వేసింది. ఆడిటు రోజున ఐసు మీద రొయ్య కనపడకూడదు, బయటివాళ్ళు చూస్తే నవ్వుతారు, అన్నీ కార్డుల మీదే నడవాలి అని. నాకు లోలోపల సంతోషమే వేసింది. మూడు నెలలు తంటాలు పడి నేర్చుకున్న మాటలకు ఇప్పుడు విలువ వచ్చింది కదా. అక్క ట్రాలీ ఆపి నన్ను అడిగింది.

"రొయ్య లేకపోతే మాకెట్టా తెలిసేది మే?"

"కార్డు ఉండాది గదక్కా. నాకొచ్చింది నీకు రాదా? అడిగి తెలుసుకో."

"ఎవుర్ని అడిగేది?"

నేను రిజిస్టరు రాసుకుంటున్నాను. తల ఎత్తలేదు. అక్క ట్రాలీ తోసుకుని వెళ్ళిపోయింది. ఆ కార్డులన్నీ తెల్లవే, ఒకటే సైజు, అన్నిటి మీదా మొదటి రెండు అక్షరాలు ఒకటే. చదవని మనిషికి ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఏముందని నాకు తట్టలేదు. తట్టనివ్వలేదంటే ఇంకా నిజం. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆడిటరు పొడుగాటి మనిషి. తెల్లకోటు, టోపీ, మాస్కు వేసుకున్నాక ఆయనా మాలాగే రెండు కళ్ళుగా మిగిలాడు. ఉదయం పదింటికి నా బల్ల దగ్గరికి వచ్చాడు. పక్కన మేడం. ఆయన ఒక టబ్బు మీది కార్డు చూపించి, ఇది రీవర్క్ ఎందుకని నిదానంగా అడిగాడు. ఒక రొయ్య తీసి వీపు మీద మిగిలిన నరం చూపించి, "దిస్ నాట్ రిమూవ్డ్ సార్. రీవర్క్, దెన్ రీచెక్" అన్నాను. రిజెక్టుకీ రిటైనుకీ తేడా ఏమిటని అడిగాడు. "రిజెక్ట్, నెవర్ ఫ్రీజర్. రిటైన్, వెయిట్ ఫర్ ల్యాబ్ రిపోర్ట్. దెన్ రిలీజ్ ఆర్ రిజెక్ట్" అన్నాను. రిజిస్టరు తిప్పి చూశాడు, తల ఊపాడు, ఏదో రాసుకుని తర్వాతి బల్ల వైపు తిరిగాడు. మేడం కళ్ళు నన్ను చూసి నవ్వాయి. మూడు నెలల్లో అదే మొదటిసారి.

అప్పుడు చూశాను. ప్లాస్టిక్ తెరల అవతల అక్క ట్రాలీ తోసుకుంటూ ఫ్రీజరు గది వైపు వెళుతోంది. మూడు టబ్బులున్నాయి. మధ్య టబ్బు అంచు చిట్లి ఉంది. అరగంట క్రితం ఆ చిట్లిన టబ్బుకే, నల్లమచ్చలు చూసి, నా చేత్తో రిజెక్ట్ కార్డు తగిలించాను. కార్డు దానికి వేలాడుతూనే ఉంది. ఐసు మీద రొయ్య లేదు. రొయ్య లేదు కాబట్టి అక్క లెక్కలో అది మంచి సరుకు.

ఆడిటరు వీపు నా వైపు ఉంది. నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, పని ఖాయం. నోరు తెరిస్తే నా టబ్బు తప్పు దారి పట్టిందని ఆయన కళ్ళ ముందే నేనే చాటుకున్నట్టు. మళ్ళీ ఐసు, మళ్ళీ వాపులు, తర్వాత ఇల్లు. ఇవేవీ ఆలోచించలేదని గొప్పగా చెప్పను. ఆలోచిస్తూనే తెర దాటేశాను.

"అక్కా, ఆపు."

షెడ్డులో ఎవరం గట్టిగా మాట్లాడం. అందరి చేతులూ ఆగిపోయాయి. ఆడిటరు తిరిగాడు. అక్క ట్రాలీ పిడి వదలకుండా నన్నూ, టబ్బునూ, మేడంనూ మార్చి మార్చి చూసింది. "నేనేం చేసినా మే?" అని చిన్నగా అడిగింది.

ఆడిటరు దగ్గరికొచ్చి కార్డు చదివాడు, ఫ్రీజరు తలుపు వైపు చూశాడు. ఏం జరిగిందని అడిగాడు. ఆయన అడిగింది అక్కను. అక్క నా వైపు చూసింది. మేడం ఏదో చెప్పబోతుంటే నేను అడ్డం వెళ్ళాను.

"నాట్ హర్ మిస్టేక్ సార్. మై మిస్టేక్. ఐ రిమూవ్డ్ ద సైన్."

ఏ సైను అన్నాడు. నా ఇంగ్లీషు అక్కడికి అయిపోయింది. టబ్బులోంచి రెండు రొయ్యలు తీసి ఐసు మీద కత్తెరలా పెట్టి, చేత్తో అవతలికి పొమ్మన్నట్టు చూపించాను. రెండూ తీసేసి, వట్టి ఐసు చూపించి, ఫ్రీజరు వైపు చెయ్యి చూపించాను. తర్వాత అక్క కళ్ళ వైపు, కార్డు వైపు చూపించి, అడ్డంగా తల ఊపాను. మేడం నిట్టూర్చి మిగతాది ఇంగ్లీషులో చెప్పింది. రొయ్యలు తీయించింది తానేనని కూడా చెప్పింది. ఆ ఒక్క మాటకు ఆవిడ మీద నాకున్న పాత కోపాలన్నీ పోయాయి.

ఆయన రొయ్యలు మళ్ళీ పెట్టమని ఫొటో తీసుకున్నాడు. పొద్దుటి నుంచి నా బల్ల దాటిన టబ్బులన్నీ రీచెక్ చేయమన్నాడు. చేశాం. ఫ్రీజరు గుమ్మం దగ్గర ఇంకొకటి దొరికింది, అది రీవర్క్ టబ్బు. లోపలికి ఒక్కటీ పోలేదు.

మధ్యాహ్నం పైన ఆఫీసులో మీటింగు. మమ్మల్నిద్దర్నీ కింద బట్టలు మార్చుకునే గదిలో ఉండమన్నారు. బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నాం.

"నిన్ను మళ్ళీ ఐసు కాడికి పంపితే, నీకు నా మొగం చూపించలేను మే" అంది అక్క.

"నువ్వు అడిగినప్పుడు నేను తల ఎత్తలేదక్కా" అన్నాను. అక్క నా వాచిన వేళ్ళు తన చేతిలోకి తీసుకుని, మెల్లగా పిసుకుతూ కూర్చుంది.

మూడున్నరకు మేడం కాగితంతో వచ్చింది. మా ముఖాలు చూసి, ఆవిడ కూడా మాస్కు తీసి మాకెదురుగా కూర్చుంది. లైను ఆపిన మనిషికి తన పని తెలుసని ఆడిటరు రాశాడట. తప్పు దాచిపెట్టి ఉంటే సరుకు మొత్తం వద్దనేవాడినని నోటితో చెప్పాడట. "నీ పోస్టు ఖాయం. రేపే ఆర్డరు ఇస్తారు" అంది. నేను ఏడ్చాను. సంతోషమని చెప్పుకోవడానికి కూడా ఓపిక లేదు, మూడు నెలల భయం ఒక్కసారిగా దిగిపోతే మనిషిలో ఏమీ మిగలదు. తేలిగ్గా అయిపోయాను.

"అక్కకో?" అని అడిగాను.

మేడం కాగితం నా వైపు తిప్పింది. తప్పుకు ఏం చర్య తీసుకోవాలో రాసే గడి ఉంది. మేనేజరు అక్కను తీసేద్దామన్నాడట. ఆడిటరు ఒప్పుకోక, తన చేత్తో ఒకే మాట రాశాడు. నా ఇరవై రెండు మాటల్లో అది లేదు. కూడబలుక్కుని చదివాను. రీట్రైన్. ఎవరూ చెప్పకుండానే అర్థమైంది, ఇది వెనక్కి కాదు, మళ్ళీ. ఆనందంతో అక్క భుజం పట్టుకుని కుదిపాను.

"నిన్ను తీసెయ్యరక్కా. మళ్ళీ నేర్పించమని రాసినాడు."

అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. తనకు పని ఉందని నమ్మకం కుదిరాక ఆమె మామూలు గొంతు తిరిగి వచ్చింది.

"మళ్ళీ ఏంది మే? ముందు ఎవురు నేర్పినారు?"

మేడం నన్ను చూసింది. నేను మేడంను చూశాను. మేడమే లేచి, నా బల్ల మీది కార్డుల కట్ట తెచ్చి, బెంచీ మీద అక్క పక్కన కూర్చుంది. ఆ సాయంత్రం షిఫ్టు బస్సు వచ్చేదాకా ముగ్గురం ఆ కార్డులు ఒక్కొక్కటే తీసి చూసుకున్నాం.